కదలిక కనిపించినా కెమెరా పది సెకన్లకే ఆగిపోతోంది: ఎక్కువసేపు రికార్డు చేయించడం ఎలా?

పెదచెరువు_గట్టు
నెల్లిమర్ల దగ్గర మా ఊరి ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నేను ఉద్యోగరీత్యా విజయనగరంలో ఉంటాను. గత ఏడాది వీధి గేటు పక్క స్తంభానికి సోలార్ పలకతో నడిచే బ్యాటరీ కెమెరా ఒకటి పెట్టించాను. పోయిన వారం రాత్రి ఒంటిగంట దాటాక ఎవరో గేటు తీసి లోపలికి వచ్చి, దొడ్లో ఉన్న బోరు మోటారు కేబులును కోసి పట్టుకుపోయారు. ఉదయం ఫోనులో చూస్తే 1.12కి ఒక క్లిప్ ఉంది. అందులో గేటు గొళ్ళెం మీద ఒక చెయ్యి, ఆ వెనుక ఇంకొకరి భుజం కనిపించాయి. మనిషి ముఖం ఇటు తిప్పేలోపే పది సెకన్లు పూర్తయి వీడియో ఆగిపోయింది. తరువాతి క్లిప్ 1.16కి మొదలైంది, అందులో తెరిచి ఉన్న గేటు, తులసి కోట తప్ప మరేమీ లేవు.

“ఎవులొచ్చినారో అందులో సూడు బాబూ” అని మా అమ్మ అడిగినప్పుడు నా దగ్గర చూపించడానికి ఒక చెయ్యి మాత్రమే ఉంది. యాప్‌లో క్లిప్ నిడివిని 10 సెకన్ల నుంచి 20కి మార్చాను, అంతకు మించి జరగడం లేదు. మనిషి కదులుతున్నంతసేపూ రికార్డు చేసేలా దీన్ని అమర్చవచ్చా, లేక కెమెరానే మార్చాలా? కంపెనీ పేరు చెప్పను, నాకు కావలసింది పరిష్కారం.

రాజాం_వైరింగ్
మీరు నిడివి గురించి అడిగారు గాని, మీ పోస్టులో నాకు కనిపించిన అసలు లోపం 1.12కీ 1.16కీ నడుమ ఉన్న ఖాళీ. పన్నెండేళ్ళుగా రాజాం, పాలకొండ చుట్టుపక్కల ఇళ్ళకూ దుకాణాలకూ కెమెరాలు బిగిస్తున్నాను, నూటికి తొంభై మంది మీలాగే నిడివినే చూస్తారు.

బ్యాటరీ కెమెరా ఎప్పుడూ నిద్రలో ఉంటుంది. కదలిక తగిలాక అది మేలుకోవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, అందుకే మీకు మనిషి రావడం కనిపించకుండా గొళ్ళెం మీద చెయ్యి కనిపించింది. ఆ తరువాత నిర్ణయించిన నిడివి మేరకు రికార్డు చేసి మళ్ళీ నిద్రపోతుంది. అలా నిద్రపోయాక ఎంతసేపటి వరకు ఏ కదలికనూ పట్టించుకోకూడదో చెప్పే అంకె ఇంకొకటి ఉంటుంది. కొన్ని యాప్‌లలో దాన్ని విరామం అంటారు, కొన్నింటిలో రీట్రిగ్గర్ అంటారు. ఒక నిమిషం రికార్డు చేసి మూడు నిమిషాలు కళ్ళు మూసుకునే కెమెరా కంటే, ఇరవై సెకన్లు రికార్డు చేసి వెంటనే మళ్ళీ మేలుకునే కెమెరా ఎంతో నయం. యాప్‌లో పవర్ మోడ్ లేదా బ్యాటరీ అమరిక అన్న చోట ఏముందో చూసి చెప్పండి.

ఘంటస్తంభం
మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. మూడు నెలలుగా మా పాలు పోసే ఆయన వీపు తప్ప ముఖం కెమెరాలో చూడలేదు. క్లిప్ మొదలయ్యేసరికి ఆయన చెంబులో పాలు పోసి వెనుదిరిగి ఉంటారు.

పెదచెరువు_గట్టు
రాజాం గారు చెప్పినట్టే ఉంది. పవర్ మోడ్ దగ్గర “బ్యాటరీ పొదుపు” అని పెట్టి ఉంది, దాని కింద చిన్న అక్షరాల్లో విరామం 3 నిమిషాలు అని రాసి ఉంది. ఏడాదిగా నేను ఆ పేజీని తెరవనే లేదు. దాన్ని “సొంత అమరిక”కు మార్చగానే నిడివి 60 సెకన్ల దాకా, విరామం 5 సెకన్ల దాకా మార్చుకునే వీలు వచ్చింది. 20 దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు అర్థమైంది. ఈ రాత్రి నుంచి 60, 5 పెట్టి చూస్తాను.

ఇచ్ఛాపురం_రైలు
మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు, వాళ్ళ ఇంట్లో రకరకాల కెమెరాలు వాడి చూశాడు. అతను చెప్పిన అంకెలు పోలికకు పనికివస్తాయని రాస్తున్నాను. బ్లింక్ అనే కంపెనీ కెమెరాల్లో క్లిప్ నిడివి 5 నుంచి 60 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, మళ్ళీ మేలుకోవడానికి కనీసం 10 సెకన్ల విరామం తప్పదు. రింగ్ కంపెనీ బ్యాటరీ కెమెరాల్లో నిడివి 120 సెకన్ల దాకా ఉంటుంది. ఆర్లో కంపెనీవాటిలో కదలిక ఆగేదాకా రికార్డు చేయమని చెప్పవచ్చు, అయినా ఐదు నిమిషాలకు మించదు. బ్యాటరీ మీద నడిచేది ఏదైనా, ఎక్కడో ఒకచోట గీత గీసే ఉంటుంది.

ఇంకొక మాట. బ్లింక్‌లో కదలిక ఆగితే క్లిప్‌ను ముందుగానే ముగించే అమరిక ఒకటి ఉంది. అది తెరిచి ఉంటే 60 పెట్టినా పది పదిహేను సెకన్లకే ఆగిపోతుంది, ఎందుకంటే మనిషి ఒక్క క్షణం నిలబడి చుట్టూ చూసినా కదలిక లేదని కెమెరా అనుకుంటుంది. మీ యాప్‌లో అటువంటిది ఉందేమో చూసుకోండి.

నాగావళి_ఒడ్డు
ఈ నిడివి, విరామం లెక్కలన్నీ ఎందుకు? కరెంటు వైరుతో నడిచే కెమెరా పెట్టి, మెమరీ కార్డు వేసి, ఇరవై నాలుగు గంటలూ రికార్డు చేయించండి. కదలిక ఉన్నా లేకపోయినా అంతా ఉంటుంది. మా శ్రీకాకుళం ఇంట్లో రెండేళ్ళుగా అలాగే నడుస్తోంది.

పొందూరు_నేత
నాగావళి గారి సలహా పట్టణంలో ఉన్నవారికి సరిపోతుంది. మా ఊళ్ళో మొబైల్ డేటా మీదనే ఇల్లంతా నడుస్తుంది, రోజంతా వీడియో పోతూ ఉంటే నెల ప్యాకేజీ రెండు రోజులకే అయిపోతుంది.

నాగావళి_ఒడ్డు
కార్డులోకి రికార్డు కావడానికి నెట్ అవసరం లేదండీ. కెమెరా లోపల ఉన్న కార్డులోనే అది రాసుకుంటుంది. మీరు ఫోనులో తెరిచి చూసినప్పుడు, చూసినంతసేపే డేటా ఖర్చవుతుంది. వీడియోను నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచే క్లౌడ్ చందా తీసుకుంటే అది వేరే సంగతి.

పొందూరు_నేత
ఈ తేడా ఇన్నాళ్ళూ ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. కృతజ్ఞతలు. అయితే రోజంతా రికార్డు చేస్తే కార్డు ఎన్నాళ్ళకు నిండుతుంది?

రాజాం_వైరింగ్
నాగావళి గారితో నేను ఏకీభవిస్తాను, కాకపోతే లెక్క వేసుకుని దిగాలి. కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు, అంటే 2 ఎంబీపీఎస్ చొప్పున రాస్తోందనుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు పావు మెగాబైటు, గంటకు 900 మెగాబైట్లు, రోజుకు 21.6 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డులో దాదాపు ఆరు రోజుల వీడియో పడుతుంది, నిండాక పాతదాన్ని చెరిపి దాని మీదనే కొత్తది రాసుకుంటుంది. 1 ఎంబీపీఎస్‌కు తగ్గిస్తే రోజులు రెట్టింపవుతాయి గాని రాత్రిపూట ముఖం మసకబారుతుంది. 4 ఎంబీపీఎస్ పెడితే మూడు రోజులు కూడా నిలవదు.

ఇక్కడ వీడియోను కుదించి రాసే హెచ్.265 అనే పద్ధతి ఉపయోగపడుతుంది. 2003లో వచ్చిన హెచ్.264తో పోలిస్తే 2013లో వచ్చిన ఈ పద్ధతిలో దాదాపు సగం స్థలంలోనే అదే నాణ్యత వస్తుంది. చాలా కెమెరాల్లో ఇది ఉండి కూడా పాత పద్ధతిలోనే నడుస్తూ ఉంటుంది, ఎవరూ మార్చరు. నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు చూసేది అదే.

వంశధార77
కార్డు విషయంలో నా అనుభవం చెప్పాలి. సంతలో దొరికిన చవక కార్డు వేసి రోజంతా రికార్డు పెట్టాను. ఎనిమిది నెలలకు అది చదవడానికి వీలు లేకుండా పోయింది, పోయిందన్న సంగతి కూడా దొంగతనం జరిగిన తరువాతే తెలిసింది. యాప్‌లో లైవ్ బాగానే వస్తూ ఉండడంతో లోపల రికార్డు కావడం లేదని అనుమానమే రాలేదు. రోజంతా రాసే పనికి హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్న కార్డులే కొనాలి. ఫోనులో ఫోటోలకు వాడే కార్డు ఈ రాపిడికి తట్టుకోదు.

నాగావళి_ఒడ్డు
వంశధార గారి మాటకు నాదొక జోడింపు. 256 జీబీ అని అచ్చేసి లోపల 32 మాత్రమే ఉండే దొంగ కార్డులు చాలా తిరుగుతున్నాయి. కొన్న వెంటనే కంప్యూటర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నింపి చూడండి, నిజం బయటపడుతుంది. తరువాత కెమెరాలో పెట్టి, కెమెరా యాప్ నుంచే ఫార్మాట్ చేయండి.

చీపురుపల్లి_మేష్టారు
భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అసలు కెమెరాకు కదలిక ఎలా తెలుస్తుందో అర్థమైతే పెదచెరువు గారి సమస్యలో మిగిలిన సగం కూడా విడిపోతుందని నా నమ్మకం.

బ్యాటరీ కెమెరాల్లో కటకం కింద తెల్లని చిన్న బుడగ వంటి మూత ఉంటుంది. అది పీఐఆర్ సెన్సార్, అంటే శరీరాల నుంచి వెలువడే పరారుణ కిరణాలను గ్రహించేది. ఆ మూత తన ముందున్న ప్రదేశాన్ని విసనకర్ర పుల్లల మాదిరిగా విడి విడి పట్టీలుగా చూస్తుంది. వేడి ఉన్న శరీరం ఒక పట్టీ నుంచి ఇంకొక పట్టీలోకి దాటినప్పుడు సెన్సార్‌లో తేడా పుడుతుంది, ఆ తేడాయే కెమెరాను లేపుతుంది. కాబట్టి మనిషి కెమెరాకు అడ్డంగా నడిస్తే వెంటనే తెలుస్తుంది. తిన్నగా కెమెరా వైపే నడిచి వస్తే చాలాసేపు ఒకే పట్టీలో ఉంటాడు, బాగా దగ్గరకు వచ్చేదాకా తెలియదు. మీ కెమెరా గేటు పక్క స్తంభానికే ఉందన్నారు. వీధి వైపు తిన్నగా చూస్తున్నట్లయితే అది ఆలస్యంగా మేలుకోవడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ఇంటి గోడకు మార్చి, గేటు నుంచి దొడ్డికి పోయే దారి కెమెరా ముందు అడ్డంగా పడేటట్లు తిప్పండి. ఏడెనిమిది అడుగుల ఎత్తు చాలు, మరీ పైన పెడితే నెత్తి తప్ప ముఖం రాదు.

రెండవది వేసవి సంగతి. సెన్సార్ చూసేది మనిషి వేడిని కాదు, మనిషికీ వెనుక ఉన్న గోడకూ మధ్య తేడాను. మే నెల మధ్యాహ్నం మన ప్రాంతంలో గాలి, గోడ, నేల అన్నీ మనిషి ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తాయి. ఆ వేళ చలికాలంలో ముప్పై అడుగుల నుంచి పట్టుకున్న కెమెరాయే పది అడుగుల దాకా పట్టుకోకపోవచ్చు. వేసవిలో కెమెరా పాడైందని అనుకునేవారు చాలామంది, అది పాడవలేదు.

ఘంటస్తంభం
మేష్టారూ, మా పాలాయన వీపు రహస్యం ఇప్పుడు తెలిసింది. ఆయన సందులో నుంచి తిన్నగా కెమెరా వైపే నడిచి వస్తారు. ఆదివారం నిచ్చెన వేసి మారుస్తాను.

ఉద్దానం_కొబ్బరి
మేష్టారు చెప్పినది పీఐఆర్ ఉన్న బ్యాటరీ కెమెరాలకు వర్తిస్తుంది. కరెంటుతో నడిచే మామూలు వైఫై కెమెరాల్లో, కెమెరాల వీడియోను డిస్కులో దాచే డీవీఆర్ పెట్టెల్లో చాలావరకు చిత్రంలోని చుక్కలు మారడాన్ని బట్టి కదలికను గుర్తిస్తారు. అక్కడ బాధ తారుమారవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటను నేలమట్టం చేసింది. తరువాత వేసిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు సరిగ్గా కెమెరా ఎత్తుకు వచ్చాయి. సముద్రం గాలికి ఆకు ఊగిన ప్రతిసారీ కెమెరా ఒక క్లిప్ తీస్తుంది. ఎవరో చెప్పారని నిడివిని రెండు నిమిషాలకు పెంచాను. మూడు రోజులకే కార్డు నిండిపోయి, నాకు కావలసిన రోజు వీడియో చెరిగిపోయింది.

నిడివి పెంచాలనుకునేవారు ముందు ఉత్తుత్తి కదలికలను తగ్గించుకోవాలి. యాప్‌లో కదలికను చూడవలసిన ప్రాంతాన్ని గీసుకునే వీలుంటుంది, చెట్టును, రోడ్డును వదిలేసి గేటును, దారిని మాత్రమే గీయండి. మనిషిని గుర్తించే అమరిక ఉంటే దాన్ని తెరవండి. ఇక రాత్రి కెమెరా వెలిగించే పరారుణ దీపాల దగ్గరకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, ఆ గూడు గాలికి కదిలి రాత్రంతా రికార్డు నడుస్తుంది. వారానికి ఒకసారి పొడి గుడ్డతో తుడవడం కంటే మంచి మందు నాకు దొరకలేదు.

అరసవల్లి_వీధి
ఉద్దానం గారి బాధ మాకు రథసప్తమినాడు వస్తుంది. ముందు రాత్రి నుంచే మా వీధిలో భక్తుల వరస ఉంటుంది, కెమెరా ఒక్క క్షణం ఆగదు. ఆ ఒక్క రోజే వారం రోజుల క్లిప్‌లను తినేస్తుంది. అందుకే పండుగకు ముందు రోజు కార్డు తీసి వేరే కార్డు వేస్తాను.

సాలూరు_లారీ
మాకు లారీలు నిలిపే యార్డు ఉంది, నాలుగు కెమెరాలు, వాటి వీడియోను డిస్కులో దాచే ఎన్‌వీఆర్ పెట్టె ఒకటి. స్థలం ఆదా అవుతుందని మోషన్ మోడ్‌లో, అంటే కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టారు. డీజిలు దొంగతనం జరిగిన రోజు చూస్తే ప్రతి ముక్కా మనిషి మధ్యలో ఉన్నప్పుడు మొదలై, మధ్యలోనే ముగుస్తోంది. ఎక్కడి నుంచి వచ్చాడో, ఎటు పోయాడో లేదు. ఇక్కడ బ్యాటరీ బాధ లేదు కదా, మరి ఎందుకిలా?

రాజాం_వైరింగ్
సాలూరు గారూ, మీ పెట్టెలో రెండు అంకెలు చూడాలి. ఒకటి ప్రీ రికార్డ్. పెట్టె ఎప్పుడూ గడిచిన కొన్ని సెకన్ల వీడియోను తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. కదలిక తగలగానే ఆ వెనుకటి సెకన్లను కూడా కలిపి రాస్తుంది, మనిషి ఎటు నుంచి వచ్చాడో అందులో దొరుకుతుంది. బ్యాటరీ కెమెరాల్లో సాధారణంగా లేనిది ఇదే, నిద్రపోయే కెమెరాకు వెనుకటి సెకన్లు ఎక్కడి నుంచి వస్తాయి? దీన్ని 10 సెకన్లు పెట్టండి. రెండవది పోస్ట్ రికార్డ్, అంటే కదలిక ఆగిన తరువాత ఎంతసేపు కొనసాగించాలన్నది. హైక్‌విజన్ కంపెనీ పెట్టెల్లో దీన్ని 5 సెకన్ల నుంచి 10 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. దహువా అనే మరొక కంపెనీ తరహా మెనూ ఉన్నవాటిలో ఇదే అంకె లాచ్ అనీ, రికార్డ్ డిలే అనీ ఉంటుంది, 10 నుంచి 300 సెకన్ల దాకా వెళ్తుంది. మీ యార్డుకు ఒక నిమిషం సరిపోతుంది. ఆ నిమిషంలో మళ్ళీ కదలిక తగిలితే లెక్క మొదటికి వస్తుంది, వీడియో తెగకుండా ఒకటే ముక్కగా ఉంటుంది.

ఇంకొక పొరపాటు తరచుగా చూస్తాను. షెడ్యూలు పేజీలో మోషన్ అని రంగు వేస్తారు, కాని ఆ కెమెరాకు మోషన్ డిటెక్షన్ అన్న టిక్కు పెట్టరు. అప్పుడు ఒక్క ముక్క కూడా రికార్డు కాదు. రెండు చోట్లా పెట్టాలి.

నాగావళి_ఒడ్డు
యార్డు వంటి చోట కూడా మోషన్ మోడ్ ఎందుకని నా ప్రశ్న. నాలుగు కెమెరాలు 2 ఎంబీపీఎస్ చొప్పున రోజంతా రాస్తే రోజుకు 86 జీబీ. ఒక టెరాబైటు డిస్కులో పదకొండు రోజులు ఉంటాయి. మీరు పోగొట్టుకున్న డీజిలు ధర కంటే పెద్ద డిస్కు ధర ఎక్కువ కాదు.

సాలూరు_లారీ
ఆ మాట నిజమే గాని పదకొండు రోజుల వీడియోలో మాకు కావలసిన రెండు నిమిషాలను వెతికేది ఎవరు? మా గుమస్తా రాత్రంతా కూర్చున్నాడు.

బొబ్బిలి_వీణ
రెండూ కలిపి పెట్టుకోవచ్చు, నేను చేసినది అదే. రికార్డు రోజంతా నడుస్తుంది, కదలికను మాత్రం గుర్తుగా వాడతాను. కాలపట్టీ మీద కదలిక ఉన్న చోట వేరే రంగు పడుతుంది, దాని మీద నొక్కితే ఆ క్షణానికి పోతుంది. కదలికను గుర్తించడంలో కెమెరా తప్పు చేసినా వీడియో మాత్రం ఉంటుంది. గుర్తు తప్పితే వెతుక్కోవచ్చు, వీడియోయే లేకపోతే వెతకడానికి ఏమీ ఉండదు. డిస్కు మాత్రం కెమెరాల కోసం చేసినదే కొనండి, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి రోజంతా రాయడానికే తయారైనవి.

సాలూరు_లారీ
ఇది నచ్చింది. ఈ వారమే మార్పిస్తాను.

కోర్టు_మెట్లు
వీడియో దొరికిన తరువాత ఏం చేయాలో ఎవరూ రాయలేదు. న్యాయవాది దగ్గర పని చేస్తాను కాబట్టి రాస్తున్నాను. దొంగతనం జరిగిందని తెలియగానే చాలామంది ఫోనులో తెర మీద నడుస్తున్న వీడియోను ఇంకొక ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపుతారు. దానిలో నాణ్యతా పోతుంది, అసలు తేదీ వివరాలూ పోతాయి. ఐదారు రోజుల్లో కార్డులోని అసలు వీడియో కూడా చెరిగిపోతుంది. ముందుగా చేయవలసిన పని కార్డును తీసి భద్రపరచడం, వేరే కార్డు వేసి కెమెరాను నడపడం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి వీడియో నకలును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలు తాలూకు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర వంటి అంకె కూడా రాయాలి. పూర్వం పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ పేరుతో 65బి ధ్రువపత్రం అనేవారే, దాని స్థానంలో వచ్చినది ఇది.

దుకాణాలు, కల్యాణ మండపాలు నడిపేవారికి మరొక మాట. జనం ఎక్కువగా చేరే సంస్థలు వీడియోను 30 రోజుల పాటు భద్రపరచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం చెబుతోంది. ఇళ్ళకు అది వర్తించదు.

ఏడురోడ్ల_కూడలి
ఎక్కువసేపు రికార్డు చేయించాలన్న ఆత్రంలో పక్కింటివారిని మరచిపోవద్దని నా విన్నపం. మా వెనుక ఇంటివారు కెమెరా పెట్టాక మా పెరట్లో నుయ్యి దగ్గర ఆడవాళ్ళు స్వేచ్ఛగా నిలబడలేకపోయారు. అడిగితే మోషన్ వచ్చినప్పుడే రికార్డవుతుందండీ అన్నారు. మేము కదలకుండా నీళ్ళు ఎలా తోడుకుంటాము? చివరకు ప్రైవసీ మాస్క్ అనే అమరికతో ఆ భాగాన్ని నల్లగా కప్పించాము. ఆ అమరిక చాలా కెమెరాల్లో ఉంది, అడగక ముందే పెట్టుకుంటే ఇరుగుపొరుగుల మధ్య మాట రాదు.

పెదచెరువు_గట్టు
ఏడురోడ్ల గారు చెప్పినది చదివి మా కెమెరా తెరిచి చూశాను. ఎదురింటి అరుగు పూర్తిగా కనిపిస్తోంది. రేపే కప్పుతాను.

ఇక నా ప్రయోగం ఫలితం. నిడివి 60, విరామం 5 పెట్టాక వీడియో చక్కగా వస్తోంది, కాని మబ్బు పట్టిన నాలుగు రోజుల్లో బ్యాటరీ 100 నుంచి 38కి పడిపోయింది. సోలార్ పలక మామిడి చెట్టు నీడలో ఉండడం కూడా ఒక కారణమని ఇప్పుడే గమనించాను.

రాజాం_వైరింగ్
అది సహజం. మేలుకున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతుంది, మొదటి పది సెకన్లతో పోలిస్తే ఆరు రెట్లసేపు మేలుకోమని మీరు ఆదేశించారు. పలకను దక్షిణం వైపు నీడలేని చోటికి మార్చండి. అంతకంటే మంచిది, సావిడి నుంచి ఒక వైరు లాగి అడాప్టరుతో నడపండి. వైరు కలిపి ఉంటే కొన్ని కెమెరాలు ఇంకా ఎక్కువ నిడివిని అనుమతిస్తాయి, మీదీ అటువంటిదేమో చూడండి.

వంశధార77
వైరు మీద నడిపితే కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది? మా ఊళ్ళో దొంగలు వచ్చేదే కరెంటు పోయినప్పుడు.

రాజాం_వైరింగ్
అందుకే ఆ బ్యాటరీ కెమెరాను పారేయవద్దంటున్నాను. వైరు ఉన్నా దాని లోపలి బ్యాటరీ అలాగే ఉంటుంది, కరెంటు పోతే దాని మీద నడుస్తుంది. వైఫై రౌటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే రెండు మూడు గంటలు నడుస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో రౌటరు, కెమెరా రెండింటినీ ఆ లైనుకే కలపండి.

ఇచ్ఛాపురం_రైలు
ఇంటికి తాళం వేసి ఊరు వెళ్ళేవారికి ఇంకొక దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ళ నిఘా వ్యవస్థ. యాప్ ద్వారా ముందుగా తెలియజేస్తే పోలీసులే వచ్చి కదలికను గుర్తించే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే వారికి సమాచారం వెళ్తుంది. సిరిమానోత్సవానికో, పెళ్ళికో కుటుంబమంతా కదిలే రోజుల్లో ఇది చాలా ఉపయోగం.

పెదచెరువు_గట్టు
మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. మేష్టారు చెప్పినట్టు పాత కెమెరాను స్తంభం నుంచి తీసి ఇంటి గోడకు, గేటు దారికి అడ్డంగా బిగించాము, అడాప్టరు కలిపాము. వైరు కలిపాక నిడివి 120 సెకన్ల దాకా పెరిగింది. దొడ్డి వైపు కొత్తగా కరెంటు కెమెరా ఒకటి పెట్టి, 128 జీబీ హై ఎండ్యూరెన్స్ కార్డు వేసి, హెచ్.265లో 2 ఎంబీపీఎస్‌తో రోజంతా రికార్డు చేయిస్తున్నాను. ఐదు రోజుల పైన వెనక్కి చూడగలుగుతున్నాను, లెక్క సరిగ్గా కుదిరింది.

నిన్న తెల్లవారుజామున ఎవరిదో దూడ ఒకటి గేటు తోసుకుని వచ్చి బంతి మొక్కలన్నీ తిని వెళ్ళింది. అది గేటు దగ్గరకు రావడం, లోపలికి నడవడం, దొడ్డి దాకా వెళ్ళడం, తిరిగి వెళ్ళడం, మూడు నిమిషాల నలభై సెకన్లూ రెండు కెమెరాల్లో ఎక్కడా తెగకుండా ఉన్నాయి. అమ్మ ఫోనులో చూసి ఆ దూడ ఎవరిదో కూడా చెప్పేసింది.

ఒక్క చిక్కు మిగిలింది. కొత్త కెమెరాలో సమయం అసలు సమయం కంటే ఏడు నిమిషాలు వెనుక ఉంది. కోర్టు_మెట్లు గారు చెప్పినది గుర్తుకు వచ్చి భయం వేసింది.

రాజాం_వైరింగ్
అమరికల్లో సమయం దగ్గర భారత కాలమానాన్ని ఎంచుకుని, నెట్ నుంచి సమయాన్ని తీసుకునే ఎన్‌టీపీ అన్న టిక్కు పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు మేలుకోకముందే కెమెరా మేలుకుంటే ఇలా తప్పుతుంది. టిక్కు పెట్టాక ఒకసారి కరెంటు తీసి వేసి, గోడ గడియారంతో పోల్చి చూసుకోండి.

పెదచెరువు_గట్టు
సరిపోయింది. ఇప్పుడు రెండు కెమెరాల్లోనూ ఒకే సమయం చూపిస్తోంది.